తొమ్మిది వందల మీటర్ల పైన కురిసే మంచు

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: కుర్చీలో డైరెక్టరు పీతాంబరం గారు, కుర్చీ వెనక నిలబడి అసిస్టెంటు ఇంజినీరు చయనులు గారు, డైరెక్టరు గారికి చెమట పడితే తుడుచుకోవడానికి తువ్వాలు పట్టుకుని మా నాన్న, పొయ్యి దగ్గర అమ్మ, మంచం మీద మామ్మ, గోడకు ఆనించి మంచు తోడే పారలు ఒక కట్ట, వాటి మీద ఆరేసిన మామ్మ చీర, మూల బల్ల మీద టీవీ. మేడ మీద రేకుల పని చేసే దాలినాయుడు ఉన్నాడు. మేడ మీద ఉన్నవాణ్ని ఇంట్లో ఉన్నట్టు లెక్కేయాలో లేదో తెలియదు. నన్ను మాత్రం లెక్కేయక్కర్లేదు. నేను వరండాలో ఉన్నాను.

మాది పనసగొంది. కొండ మీద ఊరు. చలికాలం పొద్దున్న లేచేసరికి పొగమంచు ఎదురిల్లును మింగేసి ఉంటుంది. ఎనిమిదింటికి ఎండ వచ్చి కక్కిస్తుంది. అంతే మా మంచు. ఆకాశం నుంచి తెల్లగా రాలి, పేరుకుని, పారతో తోడాల్సినంత హిమం మా మామ్మ చూడలేదు. వాళ్ల మామ్మ చూసినట్టు చెప్పనూ లేదు.

ఊరంతటికీ ఒక్కటే డిష్. స్లాబు ఇల్లు మాదొక్కటే కాబట్టి అది మా మేడ మీద పెట్టారు, టీవీ మా ముందుగదిలో పెట్టారు. మా బడికి సైన్సు మేష్టారు రెండేళ్లుగా వస్తూనే ఉన్నారు. ఆయన వచ్చి చేరేదాకా సాయంత్రం నాలుగింటికి టీవీలోనే పాఠం. పదో తరగతి వాళ్లందరం మా ఇంట్లో చాప వేసుకుని వినేవాళ్లం. శుక్రవారం మాత్రం పాఠం ఉండదు. పిల్లలు రాసి పంపిన ప్రశ్నలకు టీచరమ్మ జవాబులు చెబుతుంది.

నేను బళ్లో ఎప్పుడూ ప్రశ్న అడగలేదు. అడుగుదామని లేస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. “ఏంటి పుణ్యవతీ?” అని లెక్కల మేష్టారు అనగానే, “బయటికెళ్లాలి సార్” అంటాను. అలా చాలాసార్లు ఊరికే బయటికెళ్లి, వేపచెట్టు కింద కాసేపు నిలబడి, ప్రశ్నతో సహా తిరిగి వచ్చాను. “దీనికి దేవుడు నోరు తిండానికే ఇచ్చినాడు” అనేది మామ్మ.

ఒకరోజు పాఠం నడుస్తుంటే తెర కింద అక్షరాలు పాకుతూ వెళ్లాయి. ఎత్తైన ప్రాంతాల్లో భారీ హిమపాతం వల్ల ప్రసారాలకు అంతరాయం కలగవచ్చట. ఎక్కడో ఆకాశం అవతల నుంచి కొండలూ మేఘాలూ దాటి వచ్చే టీవీ, చివరికి వచ్చి మంచు దగ్గర ఎందుకు ఆగిపోతుంది? పోస్టుకార్డు మీద రాసి అడిగితే గొంతు అడ్డం పడదు కదా. రాసి పంపించాను.

తర్వాత ఒక శుక్రవారం, కార్యక్రమం చివర, టీచరమ్మ నవ్వుతూ అంది: “వచ్చే నెల మొదటి శుక్రవారం ఒక మంచి ప్రశ్న చూద్దాం. పనసగొంది నుంచి వంతాల పుణ్యవతి అడిగింది, మంచు పడితే టీవీ ఎందుకు రాదు అని.”

అప్పటికే మిగతావాళ్లు చాప దులుపుతూ గోల చేస్తున్నారు. నా పేరు అంత దూరం నుంచి వచ్చి మా ఇంట్లో పడితే, వినడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ శుక్రవారం వస్తే వాళ్లే వింటారులే అనుకున్నాను.

ఆ తర్వాతి సోమవారం చయనులు గారు వచ్చారు.

ఎత్తైన ప్రాంతాల ప్రసార సౌకర్యాల విభాగం నుంచి వచ్చానని చెప్పారు. చేతిలో జేబుగడియారంలాంటి పనిముట్టు ఉంది.

“మీ గ్రామం ఎంత ఎత్తున కలదు?” అని అడిగారు.

“బాగానే ఉన్నాది బాబూ. ఎక్కితే ఆయాసమొస్తాది” అన్నాడు నాన్న.

చయనులు గారు పనిముట్టును మా వరండా అరుగు మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని చూశారు. తొమ్మిది వందల నాలుగు మీటర్లు. లేచి నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు. “అభినందనలు. తమరు భారీ హిమపాత ప్రాంతంలోకి వచ్చారు.”

“ఎప్పుడొచ్చినాం?” అంది మామ్మ. “నాను పుట్టిన కాడ్నించి ఇక్కడే ఉన్నాను గదా.”

“నిబంధన నాలుగు ప్రకారం, సముద్రమట్టమునకు తొమ్మిది వందల మీటర్ల పైన గల సమస్త గ్రామములు భారీ హిమపాత ప్రాంతములుగా పరిగణించబడునమ్మా.”

“ఇక్కడ అలాటి మంచు పడ్నేదు బాబూ. పడదు కూడాను.”

“పరిగణించబడును అన్నాను. పడును అనలేదు” అన్నారు చయనులు గారు, ఓపికగా.

తర్వాత పనిముట్టు పట్టుకుని వీధి దిగడం మొదలుపెట్టారు. నాన్నా నేనూ ఊళ్లో సగం మందీ వెనకాల నడిచాం. మా చిన్నాన్న పెరట్లో చిక్కుడుపందిరి దగ్గర ముల్లు సరిగ్గా తొమ్మిది వందల మీదికి వచ్చింది. అక్కడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతించారు. కర్రకు పైనంతా భారీ హిమపాతం, కిందనంతా మామూలు వాతావరణం. చిన్నాన్న వంటిల్లు హిమంలోకీ, స్నానాలగది ఎండలోకీ వచ్చాయి. ఆయన గేదెను కర్రకు పైన కట్టేవాడు గాని, తాడు పొడుగు కావడం వల్ల అది రోజుకు చాలాసార్లు వాతావరణం మార్చుకునేది.

రెండేళ్లుగా సైన్సు మేష్టారు ఎక్కలేని కొండను రేకులు రెండురోజుల్లో ఎక్కాయి. వాటితో దాలినాయుడూ ఎక్కాడు. హిమం డిష్ మీద పేరుకోకుండా దానికి హిమకవచం తొడగాలట. పైనా, ముందూ, రెండు పక్కలా రేకు.

సాయంత్రం పాఠం నడుస్తోంది. ఊపిరితిత్తుల పాఠం. పైన దాలినాయుడు సుత్తి దెబ్బలు, కింద టీచరమ్మ గొంతు. “మనం గాలి పీల్చుకున్నప్పుడు ఛాతీ” అని టీచరమ్మ ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. ధడాలున రేకు పడిన చప్పుడు. టీచరమ్మ గాలి పీల్చుకోకుండానే మాయమైంది. నీలం తెర మిగిలింది. సిగ్నల్ లేదు అని దాని మీద అక్షరాలు.

మేమందరం పైకప్పు వంక చూశాం. తర్వాత చయనులు గారి వంక చూశాం. ఆయన తెర వంక చూసి, గంభీరంగా తల పంకించారు.

“మొదలయింది” అన్నారు.

“ఏటి బాబూ?”

“హిమపాతం.”

బయట అమ్మ కాఫీగింజలు ఎండబెడుతోంది. ఎండకు కొంగు తలమీద కప్పుకుంది. మేం చాపలో మొలకెత్తినట్టు కూర్చునే ఉన్నాం. మామ్మ మాత్రం లేచి వరండాలోకి వెళ్లి, చెయ్యి చాచి చూసి వచ్చింది.

“ఎండ కాస్తన్నాది.”

“కంటికి కనబడేది స్థానిక పరిస్థితి అమ్మా” అన్నారు చయనులు గారు. “మేము శాస్త్రీయ పరిస్థితిని బట్టి నడుచుకోవాలి. హిమపాత ప్రాంతంలో సిగ్నల్ పోయినచో కారణము హిమపాతమే అని నిబంధన ఐదులో ఉంది. కవచం వేసిన రోజే రావడం మన అదృష్టం. వేయకపోయి ఉంటే ఏమయ్యేదో!”

కవచం వేశాక కూడా సిగ్నల్ పోయిందంటే హిమం సామాన్యమైంది కాదని ఆయనకు రాత్రి తోచిందట. మర్నాడు దాని మీద రెండో రేకు వేయించారు. తీగ చుట్టి లక్క ముద్ర వేశారు. సిగ్నల్ రాలేదు. దాంతో చయనులు గారు సంచీలోంచి ఒక పట్టిక తీశారు. సిగ్నల్ ఎంత తగ్గితే హిమం ఎన్ని అడుగులు పేరుకున్నట్టో అందులో ఉంది. సిగ్నల్ సగముంటే మూడడుగులు. పావు ఉంటే ఆరు. సున్నా అయితే పన్నెండడుగులు, ఆపైన.

మా ఇల్లు నేల నుంచి పిట్టగోడ దాకా పదకొండడుగులు. చయనులు గారు మా వరండాలో కూర్చుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, పైకి చదువుకుంటూ రాశారు: “సదరు గృహము హిమములో పూర్తిగా మునిగియున్నది. గృహస్థుల క్షేమ సమాచారము తెలియరాలేదు.” రాసి, గ్లాసు అమ్మ చేతికిచ్చి, “పంచదార కొంచెం తగ్గిందమ్మా” అన్నారు.

ఆ కబురు పై ఆఫీసుకు వెళ్లాక ముందు బస్సు ఆగింది. దారి మీద మంచు పేరుకుందని డిపోకు ఉత్తర్వు వచ్చిందట. కండక్టరు నడుచుకుంటూ కొండెక్కి వచ్చి, మా ఇంట్లో మంచినీళ్లు తాగి, దారి మూసుకుపోయిందని మాకు చెప్పి, అదే దారిన దిగి వెళ్లాడు. బడి కర్రకు పైన ఉంది కాబట్టి హిమ సెలవులిచ్చారు. లెక్కల మేష్టారి అద్దెగది కర్రకు కింద ఉంది కాబట్టి ఆయన అక్కడ లుంగీతో ఉండేవారు.

తర్వాత సహాయక బృందం వచ్చింది. కోట్లు, దుప్పట్లు, పారలు, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తెచ్చారు. మమ్మల్ని హిమంలోంచి వెలికితీసినట్టు ఫొటో కావాలన్నారు. ఒక్కొక్కరం మా గుమ్మంలోంచి చేతులు పైకెత్తి నీరసంగా బయటికి రావాలి. అమ్మ బాగా వచ్చింది. నాన్నకు నవ్వొచ్చి రెండుసార్లు రావాల్సి వచ్చింది. మామ్మ రానంది. “నా ఇంట్లోంచి నన్ను తీయడానికి మీరెవులు?” అంది. వృద్ధురాలు షాక్‌లో ఉందని వాళ్లలో ఒకాయన చెప్పాడు.

చయనులు గారు మా తలుపుకు లోపలి పక్క నిబంధన పదకొండు అంటించారు. హిమపాత సమయమున తలుపులు మూసి ఉంచవలెను, తెరచిన తలుపు గుండా హిమము ప్రవేశించును. ఆయన గుమ్మం దాటిన ప్రతిసారీ తలుపు వేసేవారు. పొయ్యి పొగకు కళ్లు మండి మామ్మ తీసేది. ఆయన వేసేవారు. ఆమె తీసేది. ఇద్దరూ పెద్దవాళ్లే కాబట్టి మధ్యలో ఎవరూ కలగజేసుకోలేదు. నిబంధన ఎనిమిది ప్రకారం టీవీని ఆర్పకూడదు, ఆర్పితే చలికి లోపల బిగుసుకుపోతుందట. నీలం తెర రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. ఆ వెలుగులో మామ్మ చింతపండులో గింజలు తీసేది.

ఊళ్లో అందరికీ కోట్లు వచ్చాయి. నాన్నకు వీపు మీద ‘హిమ సహాయకుడు’ అని రాసి ఉన్న కోటు వచ్చింది. చెమటలు కక్కుకుంటూ దాన్ని వేసుకుని కాఫీతోటకు వెళ్లేవాడు.

నా ప్రశ్న వచ్చే శుక్రవారం దగ్గరపడింది. తోటలోంచి వస్తుంటే నాన్నతో అన్నాను. ఇంట్లోవాళ్లతో అయితే నాకు గొంతు అడ్డం పడదు.

“నాన్నా, రేకు తీసేస్తే టీవీ వచ్చేస్తాది.”

“అది నాకు తెల్దేటే? చిన్నాన్న గేదెక్కూడా తెలుసు.”

“మరి సారుకు చెప్పొచ్చు గదా?”

నాన్న కోటు బొత్తాలు విప్పి గాలి పోనిచ్చుకున్నాడు. “సెప్తే ఏటవుద్ది? మంచు నేదని రాసుకుంటారు. కోట్లు పట్టుకుపోతారు. మొన్న వానలకి రోడ్డు కొట్టుకుపోనాదని ఎన్నిమార్లు తిరిగినాను? ఒక్కడు కొండెక్కినాడా? ఉన్న కష్టానికి ఎవుడూ రాడు పున్నీ. నేని కష్టానికి జీపులేసుకొని వచ్చినారు. ఉండనీ.”

అప్పుడు చెప్పాను, నా ప్రశ్న సంగతి. టీవీలో నా పేరు చదివిన సంగతి.

నాన్న దారి మధ్యలో ఆగిపోయాడు. “నీ పేరా? మన ఇంటిపేరుతోనా?”

“ఊఁ.”

“మరి నాకు సెప్పలేదేటే?”

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా మేడెక్కాడు. చాలాసేపు రేకు దగ్గర నిలబడ్డాడు. దిగి వచ్చి మొహం కడుక్కున్నాడు. “లక్క ముద్దర ఏసినారు. ముట్టుకుంటే కేసంట” అన్నాడు. కాసేపాగి, “నువ్వే అడుగు ఆ బాబుని. నానడిగితే కోటు అడ్డమొస్తాది. నీకు కోటు నేదు గదా” అన్నాడు. నిజమే. నా కొలత కోటు రాలేదు.

గురువారం పొద్దున్న చయనులు గారు వరండాలో ఒంటరిగా ఉన్నారు. కాఫీ తీసుకుని వెళ్లాను. దారిలో మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. సార్, రేపు నాలుగింటికి ఒక్క అరగంట రేకు తీయించండి సార్. చిన్న వాక్యమే.

“సార్” అన్నాను.

“ఏమ్మా?” అని ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు.

గొంతులో అడ్డం పడింది. వాక్యం అంతా దాని వెనకాల ఇరుక్కుపోయింది. చివరికి బయటికి వచ్చింది మాత్రం ఇది: “పంచదార సరిపోయిందాండీ?”

“నేడు సమంజసముగా ఉన్నది” అన్నారు ఆయన.

నేను ఒక ఆఫీసరును నోటితో అడిగిన మొదటి ప్రశ్న అదే. జవాబు కూడా వచ్చింది. లోపలికెళ్లి మామ్మ పక్కలో మొహం దాచుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, మూసుకుపోయిన దారి మీదుగా డైరెక్టరు పీతాంబరం గారి జీపు వచ్చింది. బొచ్చుటోపీ, బొచ్చుకోటు, చేతులకు తొడుగులు. దిగి చుట్టూ చూశారు. కాఫీగింజల చాపలు, ఎండకు నాలుక చాపి పడుకున్న కుక్క, బనీనుతో మా చిన్నాన్న.

“హిమం ఏదయ్యా?” అన్నారు.

నాకు కొంచెం ఆశ పుట్టింది.

“తమరు వస్తున్నారని తోడించేశామండి” అన్నారు చయనులు గారు.

“మొత్తమా?”

“పన్నెండడుగులూ అండి.”

డైరెక్టరు గారు ఆయన భుజం తట్టారు. “ఇది కదా సేవ అంటే! ఒక్క చుక్క నీరు కూడా మిగల్చలేదే!”

ఆయన వచ్చింది కొత్త కవచం ప్రారంభించడానికి. ‘త్రిస్తర మహాకవచం’ దాని పేరు. మూడు రేకులు కలిపి ఒకేసారి చేయించారు. ముందువైపు డైరెక్టరు గారి పేరు ఎర్రరంగుతో రాసి ఉంది. అయితే పాత కవచం ఉండగా కొత్తదాన్ని ప్రారంభించడం నిబంధనలకు విరుద్ధమట. అందుకని నాలుగు కావస్తుండగా లక్క ముద్ర పగలగొట్టారు. దాలినాయుడు పాత రేకులు ఊడదీశాడు.

రెండో రేకు కింద పడిన చప్పుడుకు, మూల బల్ల మీద టీవీ ఒక్కసారి వెలిగింది. ఎవరో సబ్బు అమ్ముతున్నారు. ఇన్నాళ్లూ నీలంగా ఉన్న గది రంగులతో నిండిపోయింది. మామ్మ చింతపండు వదిలేసి దణ్ణం పెట్టింది.

డైరెక్టరు గారు టీవీ వంకా, తన బూట్ల వంకా చూసుకున్నారు. “నేను అడుగుపెట్టగానే...” అన్నారు మెల్లగా.

“ఆగిందండి హిమపాతం” అన్నారు చయనులు గారు. “తమరి రాక ప్రభావం.”

“బాబు పాదం మంచిది” అంది మామ్మ. “ఎండ కూడా ఎక్కినాది.”

నేను వరండాలో కత్తెర ఉన్న పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. నాలుగయింది. టీచరమ్మ వచ్చింది, అదే నవ్వుతో. మొదటి ప్రశ్న, ఉల్లిపాయ తరిగితే కళ్లలో నీళ్లెందుకు వస్తాయని ఎవరో అడిగింది. తర్వాతది నాదే అయి ఉండాలి. నాన్న తువ్వాలు పట్టుకుని నా వంక చూశాడు.

“ఆలస్యం చేయరాదు” అన్నారు డైరెక్టరు గారు. “ఇది తాత్కాలిక విరామం మాత్రమే. హిమం తిరిగి వచ్చేలోగా కవచం డిష్ మీదికి దించాలి. రిబ్బను తర్వాత కత్తిరిద్దాం.”

చయనులు గారు గుమ్మంలోంచి తొంగిచూశారు. “అమ్మాయీ, పైకెళ్లి దాలినాయుడుతో చెప్పు. వెంటనే కవచం దించమని.”

పళ్లెం అరుగు మీద పెట్టి మెట్లెక్కాను. కింద టీచరమ్మ ఉల్లిపాయ తరుగుతూనే ఉంది. పైన దాలినాయుడు, డైరెక్టరు గారి పేరు రాసిన మహాకవచాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, డిష్ పక్కన కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. మొహం ఎర్రబడి ఉంది.

“ఏటి గుంటా, దించీమన్నారా? సేతులు పడిపోతన్నాయి, వేగిరం సెప్పు!”

మేడ మీద గాలి బాగా వీస్తోంది. డిష్ ఆకాశం వంక చూస్తోంది. గొంతులో మామూలుగానే అడ్డం పడింది. అయితే ఇన్నాళ్లు చయనులు గారికి కాఫీ ఇస్తూ విన్న మాటలు గొంతులో మరో పక్క పేరుకుని ఉన్నట్టున్నాయి. అవి అడ్డం తోసుకుని వచ్చేశాయి.

“సదరు కవచమును తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు దించరాదని డైరెక్టరు గారి ఆదేశము” అన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు.

“ఓలమ్మ!” అన్నాడు దాలినాయుడు. మహాకవచాన్ని పిట్టగోడకు ఆనించి, కూలబడి, బీడీ తీశాడు. “ముందే సెప్పొచ్చు గదా!”

మెట్లు ఎలా దిగానో తెలియదు. వరండాలోకి వచ్చేసరికి టీచరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. “ఇక ఈరోజు రెండో ప్రశ్న” అంది. “పనసగొంది నుంచి వంతాల పుణ్యవతి అడిగింది. మంచు పడితే టీవీ ఎందుకు రాదు?”

అమ్మ చేతిలో గ్లాసు జారింది. “ఓలమ్మో, మన పున్నీ పేరు!” అని మామ్మ మంచం మీద లేచి కూర్చుంది. నాన్న తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“నిశ్శబ్దం!” అన్నారు డైరెక్టరు గారు. ఆయన మొహం వెలిగిపోయింది. “విన్నారా చయనులూ? సాక్షాత్తూ విద్యార్థులే హిమం గురించి ఆందోళన పడుతున్నారు! ఆ బాలిక ఎవరో గుర్తించి నా ఎదుట హాజరుపరచండి. బాల హిమరత్న బిరుదు ఇద్దాం.”

“చిత్తం. జిల్లా అంతా గాలింపు చేయిస్తానండి.”

“బాబూ, అది మా...” అన్నాడు నాన్న.

“తువ్వాలు” అన్నారు డైరెక్టరు గారు చెయ్యి చాచి. నాన్న తువ్వాలు ఇచ్చాడు.

టీవీలో టీచరమ్మ ఒక చిన్న డిష్ బొమ్మ చేతిలోకి తీసుకుంది. “పొడిగా ఉన్న మంచు అంతగా అడ్డు కాదు. తడిమంచు డిష్ మీద పేరుకుంటే వచ్చే తరంగాలు కొన్ని చెదిరిపోతాయి, కొన్ని ఇంకిపోతాయి. అది మంచుపడే చోట. కానీ పుణ్యవతీ, మీ ఊళ్లో మంచు పడదు కదా...”

టీచరమ్మ సూటిగా గుమ్మం వైపు, నా వైపే చూస్తోంది. నేను గడప దగ్గరికి వెళ్లాను. గొంతు ఇందాక తెరుచుకున్నది ఇంకా మూసుకోలేదు.

“నేనేనండీ” అన్నాను. “ఆ ప్రశ్న నాదండీ.”

గదిలో అందరూ తిరిగి చూశారు. నాన్న నవ్వుతున్నాడు. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి, నా దగ్గరిదాకా వచ్చి, నన్ను కాదు, నా పక్కన బార్లా తెరిచి ఉన్న తలుపును చూశారు. తర్వాత దాని మీద అంటించిన నిబంధన పదకొండును చూశారు.

“ఎంతసేపటి నుంచి తెరిచి ఉంచారిది?” అన్నారు.

“అది కాదండీ, పుణ్యవతి అంటే...”

“ఆమె కోసమే చూస్తున్నాం పాపా, కొంచెం తప్పుకో” అన్నారు.

ఆయన వెనకాల టీచరమ్మ అంటోంది, “మంచు పడని చోట టీవీ రాకపోతే ముందు మేడెక్కి, డిష్‌కీ ఆకాశానికీ మధ్య ఎవరైనా ఏదైనా...”

నా వీపు మీద ఎండ చురుక్కుమంటోంది. డైరెక్టరు గారు వణికినట్టుగా బొచ్చుకోటు మెడ దగ్గరకి లాక్కుని, హిమం లోపలికి రాకుండా, తలుపు వేసేశారు.